కారు కదలకుండా పడుంటే ఇన్సూరెన్స్ కట్టాలా వద్దా? ఒక్కో స్టెప్ చూసుకుంటూ వెళ్దాం

రెండేళ్ల ప్రాజెక్ట్ అని ఫారిన్ వెళ్లినప్పుడో, వర్క్ ఫ్రమ్ హోమ్ అయిపోయినప్పుడో, నాన్నగారు ఇక డ్రైవింగ్ మానేస్తా అన్నప్పుడో కారు కవర్ కప్పుకుని సెల్లార్‌లో అలా ఉండిపోతుంది, సరిగ్గా అప్పుడే రెన్యువల్ మెసేజ్ వస్తుంది, అమౌంట్ చూసి "రోడ్డు మీదకే పోని బండికి ఇంత దండగా" అనిపిస్తుంది. అలా అనిపించడంలో తప్పేం లేదు గానీ ఆ తర్వాత చాలామంది చేసే పని ఒకటుంది, "సరేలే చవగ్గా థర్డ్ పార్టీ ఒక్కటి కట్టి పడేద్దాం" అనడం, నన్నడిగితే నిలబడి ఉన్న కారుకి అంతకంటే పనికిరాని ఆప్షన్ ఇంకోటి లేదు. ఎందుకో చెప్తా, కింద ఉన్నది ఇండియాలో, ముఖ్యంగా మన రెండు రాష్ట్రాల్లో సొంతానికి వాడుకునే కార్ల గురించి, ట్యాక్సీలూ లారీల లెక్క వేరే.

స్టెప్ 1: పాలసీ తెరిచి రెండు కాలమ్స్ చూడండి

పాలసీ పీడీఎఫ్ ఓపెన్ చేస్తే ప్రీమియం లెక్క ఒక టేబుల్‌లా ఉంటుంది. మామూలుగా ఎడమ పక్క ఓన్ డ్యామేజ్, కుడి పక్క లయబిలిటీ, అంటే మనం థర్డ్ పార్టీ అనేది. ఎడమ పక్క పైన బేసిక్ ఓడీ, దాని కింద మైనస్ అయ్యే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి ఇచ్చే తగ్గింపు), ఇంకా జీరో డెప్ (పార్టుల అరుగుదల పేరుతో క్లెయిమ్‌లో కోత వేయకుండా ఉండేది), ఇంజిన్ ప్రొటెక్ట్ లాంటి యాడ్ ఆన్లు. కుడి పక్క థర్డ్ పార్టీ ప్రీమియం, ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్. మొత్తం మీద 18 శాతం జీఎస్టీ.

కుడి కాలమ్ మీ కారు వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి, ఎడమ కాలమ్ మీ కారుకే జరిగే నష్టానికి. ఇప్పుడు మీరే ఆలోచించండి, తాళం వేసి సెల్లార్‌లో పెట్టిన కారు ఎవర్ని గుద్దుతుంది? కానీ వరదొస్తే మునుగుతుంది, పక్కన ఛార్జింగ్‌లో పెట్టిన స్కూటర్ అంటుకుంటే దీనికీ అంటుకుంటుంది, గాలివానకి చెట్టు పడితే టాప్ లోపలికి దిగిపోతుంది, ఎవడో ఎత్తుకుపోతాడు. ఇవన్నీ ఎడమ కాలమ్ బాపతు. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవాళ్లకి ఇందులో దేనికీ ఒక్క రూపాయి రాదు. అంటే మూడు నాలుగు వేలు కట్టి మరీ, అవసరమైన సగం వదిలేసి అవసరం లేని సగం కొనుక్కున్నట్టు.

ఇదేదో భయపెట్టడానికి చెప్పడం లేదు, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ వైపు నీళ్లలో రోజుల తరబడి నానినవి ఎక్కువగా ఇంటి ముందూ సెల్లార్‌లోనూ ఆపి ఉన్న బళ్లే. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ అంతే, సెల్లార్లు నిండిపోయాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు విశాఖలో చెట్ల కింద పెట్టిన కార్ల పరిస్థితి వైజాగ్ వాళ్లకి గుర్తుండే ఉంటుంది.

స్టెప్ 2: చట్టం ఏమంటుందో క్లియర్‌గా తెలుసుకోండి

మోటార్ వాహనాల చట్టం 1988లో సెక్షన్ 146 ప్రకారం పబ్లిక్ ప్లేస్‌లో బండి వాడాలంటే, లేదా ఇంకొకళ్లని వాడనివ్వాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. ఇక్కడ రెండు మాటలు ముఖ్యం, "వాడటం", "పబ్లిక్ ప్లేస్". సొంతింటి కాంపౌండ్‌లో గేటు వేసి, ఎవరూ కదపకుండా ఉంచిన కారుకి ఇన్సూరెన్స్ లేదని ఎవరూ ఫైన్ వేయరు. రోడ్డెక్కితే మాత్రం సెక్షన్ 196, మొదటిసారి 2,000 ఫైన్ లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ, రెండోసారి నుంచి ఫైన్ 4,000.

అసలు భయపడాల్సింది ఫైన్‌కి కాదు. ఇన్సూరెన్స్ లేని బండి వల్ల మనిషి పోతే యాక్సిడెంట్ కేసులు చూసే ట్రిబ్యునల్ వేసే పరిహారం మొత్తం ఓనర్ జేబులోంచే, దానికి ఇంత అని లిమిట్ ఏమీ లేదు, ఇల్లూ పొలం దాకా వస్తుంది.

ఆగి ఉన్న బండి "వాడకం" కిందకి రాదు అని కూడా ధీమాగా ఉండకండి. మహారాష్ట్రలో హైవే పక్కన బోల్తా పడిన పెట్రోల్ ట్యాంకర్ కొన్ని గంటల తర్వాత పేలి జనం చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, కదలకుండా ఉన్నా అది వాహనం వాడకమే అని. కాబట్టి కాలనీ రోడ్డు మీద గోడవారగా నెలల తరబడి పెట్టిన కారుకి థర్డ్ పార్టీ లేకపోతే ఇబ్బందే, అది మీ ఇంటి ముందే ఉన్నా సరే, రోడ్డు రోడ్డే. అపార్ట్‌మెంట్ సెల్లార్ కొంచెం మధ్యరకం, జనం వచ్చిపోయే ప్రైవేట్ స్థలాన్ని కూడా పరిహారం కేసుల్లో పబ్లిక్ ప్లేస్ కింద చూసిన హైకోర్టు తీర్పులు ఉన్నాయి.

ఇంకో తీర్పు ఈ మధ్య బాగా తిరిగింది, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు విశాఖ స్టీల్ ప్లాంట్ లోపలి యార్డులోనే తిరిగే వాహనాలకి మోటార్ వెహికల్ ట్యాక్స్ వేయకూడదు, అది పబ్లిక్ ప్లేస్ కాదు అని చెప్పింది. దాన్ని పట్టుకుని "మా కారు కూడా ఇంట్లోనే ఉంది, ట్యాక్స్ వెనక్కి ఇస్తారా" అని ఆశపడకండి, అది ట్యాక్స్ కేసు, పైగా మన కార్లకి లైఫ్ ట్యాక్స్ కొన్నరోజే కట్టేశాం.

స్టెప్ 3: లోన్ ఉంటే ఇక్కడే ఆగిపోండి

ఆర్సీ మీద హైపోథికేషన్, అంటే లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు ఉంటే చర్చే లేదు. లోన్ అగ్రిమెంట్‌లో కాంప్రహెన్సివ్ పాలసీ, అంటే ఆ రెండు కాలమ్స్ కలిసినది, నడుస్తూ ఉండాలని దాదాపు ప్రతి బ్యాంకూ రాసుకుంటుంది. లోన్ ఎప్పుడో తీరిపోయినా ఆర్సీలో ఎంట్రీ అలాగే ఉంటే ముందు అది తీయించుకోండి.

స్టెప్ 4: ఎక్కడ ఉంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఎంత విలువ

ఈ మూడు ప్రశ్నలకి కాగితం మీద జవాబు రాసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఎక్కడ అంటే, సెల్లారా, ఓపెన్ ప్లేసా, చెరువు కిందో నాలా పక్కనో ఉన్న కాలనీయా, ఊళ్లో తాళం వేసిన షెడ్డా. ఎన్నాళ్లు అంటే, నెలన్నర సెలవకి వెళ్తున్నారా, ఏడాదా, అసలు తిరిగొచ్చే డేట్ తెలీదా. విలువ అంటే మీ మనసులో ఉన్నది కాదు, పాలసీలో ఐడీవీ అని రాసి ఉన్న అంకె, టోటల్ లాస్ అయినా దొంగతనం అయినా మీకొచ్చే గరిష్ఠం అదే.

పన్నెండేళ్ల చిన్న కారు, ఐడీవీ లక్ష లోపు, ఊళ్లో నాన్నగారి ఇంటి షెడ్డులో ఉంది, ఎవరూ తీయరు అంటే నేనైతే ఏమీ కట్టను, పోతే లక్షే కదా అని. నాలుగేళ్ల కారు, ఆరు లక్షల ఐడీవీ, హైదరాబాద్ సెల్లార్‌లో ఉంది అంటే కళ్లు మూసుకుని కాంప్రహెన్సివ్ కట్టేస్తా. ఈ రెండిటి మధ్యలో ఉన్నవాళ్లకే మిగతా స్టెప్పులు.

స్టెప్ 5: నో క్లెయిమ్ బోనస్ లెక్క, ఇది మాత్రం పెన్ను పట్టుకుని చేయండి

బోనస్ వరసగా 20, 25, 35, 45, 50 శాతం, అంటే యాభైకి చేరాలంటే ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉండాలి. ఇది ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే తగ్గుతుంది. పాలసీ అయిపోయాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే మొత్తం సున్నా. థర్డ్ పార్టీ ఒక్కటి కంటిన్యూ చేశాం కదా అంటే కుదరదు, ఓన్ డ్యామేజ్ ఆగి 90 రోజులు దాటితే బోనస్ పోయినట్టే.

ఒక ఉదాహరణ. బేసిక్ ఓడీ 12,000 అనుకోండి, యాభై శాతం బోనస్ ఉంటే కట్టేది 6,000. 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకి థర్డ్ పార్టీ 3,416, ఇది 2022 జూన్ 1న వచ్చిన రేటు (1000 సీసీ లోపు 2,094, 1500 దాటితే 7,897). యాడ్ ఆన్లు పక్కన పెడితే మొత్తం 9,416, జీఎస్టీతో 11,111. ఒక ఏడాది అసలు ఏమీ కట్టకపోతే మిగిలేది ఇది.

ఇప్పుడు పోయేది చూడండి. తిరిగొచ్చి మళ్లీ కట్టేటప్పుడు బోనస్ సున్నా, 12,000 మొత్తం కట్టాలి, అంటే 6,000 ఎక్స్‌ట్రా. తర్వాతి ఏడాది 20 శాతంతో 9,600, అంటే 3,600 ఎక్స్‌ట్రా. ఆ తర్వాత 3,000, తర్వాత 1,800, చివరికి 600. కలిపితే 15,000, జీఎస్టీతో 17,700. పదకొండు వేలు మిగుల్చుకోబోయి పదిహేడు వేల ఏడువందలు, ఐదేళ్ల పాటు కొంచెం కొంచెంగా, మనకి తెలీకుండా. బేసిక్ ఓడీ ఏటా కొంత మారుతుంది, ఆన్‌లైన్‌లో డిస్కౌంట్లూ ఉంటాయి, కాబట్టి మీ పాలసీలో ఉన్న అంకెలతో మళ్లీ వేసుకోండి.

అదే రెండేళ్లు కట్టకపోతే మిగిలేది 22,222, పోయేది ఆ 17,700 లోపే. అంటే లెక్క తిరగబడింది. బోనస్ కోసమే అయితే రెండేళ్లు దాటి కట్టడం వేస్ట్, కారుని కాపాడుకోవడానికి అయితేనే అర్థం ఉంది. బోనస్ ఇరవై శాతమే ఉన్నవాళ్లకైతే ఏడాదికే బోనస్ గురించి బాధపడక్కర్లేదు.

రెండేళ్ల పైన వెళ్తున్నారు అంటే నా సలహా మొహమాటం లేకుండా అమ్మేయమనే. నిలబడ్డ కారుకి బ్యాటరీ పోతుంది, టైర్లు ఒకే చోట నొక్కుకుపోతాయి, ఎలుకలు వైరింగ్ కొరుకుతాయి, ఐడీవీ ఎలాగూ ఏటా పడిపోతుంది. అమ్మేటప్పుడు ఆర్సీ కొన్నవాళ్ల పేరు మీదకి మారాక ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ఎన్‌సీబీ రిటెన్షన్ లెటర్ (మీ నో క్లెయిమ్ బోనస్ మీకే ఉందని ఇచ్చే కాగితం) తీసుకోండి, బోనస్ కారుది కాదు మీది, ఆ లెటర్ మూడేళ్లు పనిచేస్తుంది, ఆ లోపు తిరిగొచ్చి కొత్త కారు కొంటే అదే యాభై శాతం దానికి వేస్తారు. చాలామంది ఈ లెటర్ అడగరు, కొన్నవాళ్లకి పాలసీతో పాటు బోనస్ కూడా వెళ్లిపోయిందనుకుంటారు.

స్టెప్ 6: మీ ముందున్న దారులు

మామూలు కాంప్రహెన్సివ్, యాడ్ ఆన్లు తగ్గించుకుని. కదలని కారుకి రోడ్‌సైడ్ అసిస్టెన్స్, టైర్ కవర్, కీ రీప్లేస్‌మెంట్ తీసేయండి. జీరో డెప్ మీ ఇష్టం. ఇంజిన్ ప్రొటెక్ట్ మాత్రం సెల్లార్‌లో ఉంటే ఉంచండి, ఎందుకో కింద వరద దగ్గర చెప్తా. ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఇంకో కారు మీదో విడిగానో 15 లక్షలకి ఇప్పటికే ఉంటే ఇక్కడ మళ్లీ కట్టక్కర్లేదు, డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది.

పే యాజ్ యు డ్రైవ్. 2022 జులైలో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వీటికి పర్మిషన్ ఇచ్చింది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే నడుపుతా అని స్లాబ్ ఎంచుకుంటే ఓన్ డ్యామేజ్ తగ్గుతుంది. నెలకోసారి ఎవరో ఒకరు తీసే కారుకి ఇది బాగా సూట్ అవుతుంది. స్లాబ్ దాటితే ఏమవుతుందో, ఆగి ఉన్నప్పటి నష్టాలకి ఆ లిమిట్ వర్తిస్తుందో లేదో పాలసీ వర్డింగ్‌లో చదివి గానీ కట్టకండి, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది.

లెయిడ్ అప్ ఎండార్స్‌మెంట్. ఇది చాలామంది ఏజెంట్లకే తెలీదు. ఇండియన్ మోటార్ టారిఫ్‌లో ఐఎంటీ 11 అని ఉంది, బండి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు గరాజ్‌లో ఉంటుంది, వాడం అని ముందే రాసిస్తే ఆ టైమ్‌లో థర్డ్ పార్టీ సహా మిగతా కవర్ అంతా ఆపేసి అగ్నిప్రమాదం, దొంగతనం, అల్లర్లు, తుఫాను, వరద లాంటివాటికి మాత్రం కవర్ ఉంచుతారు, దానికి బదులు వచ్చే రెన్యువల్‌లో కొంత తగ్గించడమో పాలసీ గడువు పొడిగించడమో చేస్తారు. నిలబడ్డ కారుకి సరిగ్గా కుట్టించిన చొక్కా లాంటిది ఇది. కానీ యాప్‌లో ఈ బటన్ ఉండదు, న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ లాంటి గవర్నమెంట్ కంపెనీ బ్రాంచ్‌కి వెళ్లి లెటర్ రాసి ఇచ్చి అడగాలి, "ఐఎంటీ 11 ఏ" అని పేరు పెట్టి అడగండి, లేకపోతే అలాంటిదేం లేదండీ అని పంపించేస్తారు. ఒక హెచ్చరిక, ఇది తీసుకున్నాక సర్వీస్ సెంటర్‌కి కూడా ఆ కారు నడపకూడదు, థర్డ్ పార్టీ ఆగిపోయి ఉంటుంది. వారం పది రోజుల ఊరికి దీన్ని అడగొద్దు, నెలల తరబడి అయితేనే.

కారు మూడేళ్ల లోపుదైతే మీ పని ఇంకా సులువు, 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకి మూడేళ్ల థర్డ్ పార్టీ కొన్నప్పుడే కట్టించుకుంటున్నారు, మీరు ఆలోచించాల్సింది ఓన్ డ్యామేజ్ ఒక్కటే, అది విడిగా దొరుకుతుంది. మూడేళ్లు దాటాక మాత్రం థర్డ్ పార్టీ లేకుండా ఒట్టి ఓన్ డ్యామేజ్ ఇమ్మంటే ఇవ్వరు.

స్టెప్ 7: ఎవరు స్టార్ట్ చేస్తారు?

మనవాళ్లందరూ చేసే పని, తాళం బావమరిదికో వాచ్‌మన్‌కో ఇచ్చి "వారానికోసారి స్టార్ట్ చేసి ఒక రౌండ్ వేసి పెట్టు" అనడం. ఆ రౌండ్ గేటు దాటిందంటే అది రోడ్డు మీద వాడకమే. పాలసీ లేకపోతే, లేదా వాచ్‌మన్‌కి లైసెన్స్ లేకపోతే, జరగరానిది జరిగితే కేసులో ఓనర్‌గా మీ పేరే ఉంటుంది, మీరు డల్లాస్‌లో ఉన్నా సరే. పాలసీ కట్టకూడదని డిసైడ్ అయితే బ్యాటరీ నెగటివ్ వైర్ తీయించేయండి, తాళం బీరువాలో పెట్టించండి. తర్వాత మెకానిక్ దగ్గరికి కూడా ఫ్లాట్‌బెడ్ మీదే పంపండి.

స్టెప్ 8: వెళ్లేముందు ఒక గంట పని

కారు చుట్టూ, లోపల, ఓడోమీటర్, ఛాసిస్ నంబర్ కనపడేలా వీడియో తీసి మెయిల్ చేసుకోండి. రెండు తాళాలూ ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి, దొంగతనం క్లెయిమ్‌లో సర్వేయర్, అంటే నష్టం అంచనా వేయడానికి వచ్చే మనిషి, మొదట అడిగేది ఆ రెండు తాళాలే. ఒరిజినల్ ఆర్సీ డాష్‌బోర్డ్‌లో వదిలేయొద్దు. పాలసీకి లింకైన ఫోన్ నంబర్ మీరు వెళ్లాక ఆగిపోయేదైతే ఇంట్లోవాళ్ల నంబర్ పెట్టించండి, రెన్యువల్ ఓటీపీ దానికే వస్తుంది.

ఆర్సీ గడువు కూడా చూడండి, ప్రైవేట్ కారుకి 15 ఏళ్లు. బండి నిలబడే ఉంది కదా అని రెన్యువల్ వదిలేస్తే ఆలస్యానికి నెలకి 500 చొప్పున పడుతుంది. అంతకంటే పెద్ద సమస్య క్లెయిమ్ దగ్గర. జోధ్‌పూర్‌లో గెస్ట్ హౌస్ బయట పార్క్ చేసిన బొలెరో రాత్రికి రాత్రి పోతే, దాని టెంపరరీ రిజిస్ట్రేషన్ గడువు అప్పటికే అయిపోయిందని 2021లో సుప్రీంకోర్టు క్లెయిమ్ ఇవ్వక్కర్లేదంది. పాలసీ ఉంది, ప్రీమియం కట్టారు, అయినా రూపాయి రాలేదు.

స్టెప్ 9: వరదొస్తే ఫోన్‌లో చెప్పాల్సిన ఒకే మాట

స్టార్ట్ చేయొద్దు. నీళ్లు తగ్గాక "నడుస్తుందో లేదో చూద్దాం" అని తాళం తిప్పితే ఇంజిన్‌లోకి నీళ్లు లాక్కుని హైడ్రోస్టాటిక్ లాక్ అవుతుంది, దాన్ని వరద నష్టం కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం అంటారు, ఇంజిన్ ప్రొటెక్ట్ లేకపోతే ఇంజిన్ డబ్బులు రావు. అందుకే ఆ యాడ్ ఆన్ ఉంచమన్నా. నీటి మట్టం కనపడేలా ఫొటోలు, వెంటనే కంపెనీకి క్లెయిమ్ ఇంటిమేషన్, వాళ్ల టోయింగ్ వచ్చేదాకా ముట్టుకోకూడదు. ఇంట్లో ఉండే పెద్దవాళ్లకి ఈ ఒక్కటీ ముందే చెప్పి వెళ్లండి.

స్టెప్ 10: మధ్యలో పాలసీ ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు

గ్యాప్ వచ్చాక కాంప్రహెన్సివ్ కావాలంటే ఇన్‌స్పెక్షన్ ఉంటుంది, ఇప్పుడు చాలావరకు యాప్‌లో మీరే వీడియో తీసి పంపడమే. బ్యాటరీ డెడ్ అయితే ఓడోమీటర్ వెలగదు, వీడియో రిజెక్ట్ అవుతుంది, అందుకని ముందు ఇంటికే మెకానిక్‌ని పిలిపించి బ్యాటరీ సంగతి చూసుకోండి. మీ చేతికి పాలసీ వచ్చి, అందులో మొదలయ్యే తేదీ టైమ్ చూసుకున్నాకే గేటు దాటండి, డబ్బులు కట్టేశాం కదా అని అదే రోజు గుడికి బయల్దేరొద్దు.

ఫారిన్‌లో కారు వదిలి ఇండియాకి వచ్చేవాళ్లకి చిన్న మాట

అమెరికాలో ఉన్నవాళ్లు రెండు మూడు నెలలకి వచ్చేటప్పుడు లయబిలిటీ తీసేసి కాంప్రహెన్సివ్ (అక్కడ ఈ మాటకి అర్థం దొంగతనం, నిప్పు, వరద లాంటివాటికి కవర్ మాత్రమే) ఒక్కటి ఉంచే స్టోరేజ్ ఆప్షన్ ఉందేమో కంపెనీని అడగండి, లోన్ లేదా లీజ్ ఉంటే ఒప్పుకోకపోవచ్చు. న్యూయార్క్‌లో నంబర్ ప్లేట్లు సరెండర్ చేయకుండా ఇన్సూరెన్స్ ఆపకూడదు. కాలిఫోర్నియాలో బండి వాడటం లేదని డీఎంవీకి (అక్కడి రవాణా శాఖకి) అఫిడవిట్ ఇవ్వాలి. యూకేలో 2011 నుంచి, వాడకపోయినా సరే, ఇన్సూరెన్స్ ఉండాలి లేదా సార్న్ (బండి రోడ్డు మీదకి రాదని ప్రభుత్వానికి చెప్పడం) డిక్లేర్ చేసి ఉండాలి, సార్న్ పెట్టాక వీధిలో పార్క్ చేయకూడదు, సొంత డ్రైవ్‌వేలోనో గరాజ్‌లోనో ఉంచాలి.

క్లెయిమ్ తిప్పికొడితే

"బండి నెలల తరబడి వాడలేదు కాబట్టి ఇవ్వం" అని నోటిమాటగా చెప్తే ఒప్పుకోకండి, ఏ కండిషన్ కింద రిజెక్ట్ చేశారో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయండి, నెల రోజుల్లో తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి, రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆఫీస్ హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కంపెనీ ఆఖరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వేయాలి.